ఎర్రనీరు లేని సినిమా

“ఏడవకపోతే బాధ లేనట్టా?” అంది నూకరత్నం, కత్తిపీట మీద మామిడికాయను నిలువునా చీలుస్తూ.

“ఏడవమని నేనన్నానా? నలభై నిమిషాల సేపు ఆవిడ ఇస్త్రీ చెయ్యడం తప్ప ఇంకేం చెయ్యలేదంటున్నాను,” అన్నాడు ఉదయ్‌కుమార్.

“చెయ్యదా మరి? ఇస్త్రీ కొట్టు ఆవిడది.”

“అమ్మా, అది కొట్టు గురించి తీసిన సినిమా కాదు.”

“అందుకే బాగుంది.”

గంగాధర్ గుమ్మంలో కూర్చుని తలలు తుంచిన ఎండు మెత్తళ్లను చేటలో చెరుగుతున్నాడు. “ఇంకో పది నిమిషాలు తీసుంటే నా లుంగీ కూడా పంపుదామనుకున్నాను బావా,” అన్నాడు. బేబీ కిసుక్కున నవ్వి, అన్న మొహం చూసి ఊరుకుంది.

ఆ ఆదివారం పొద్దున్నే ఉదయ్ టీవీకి పెన్‌డ్రైవు తగిలించి, తల్లికీ, చెల్లెలు బేబీకీ, బావ గంగాధర్‌కీ, మేనత్త రత్తమ్మకీ వరసగా రెండు సినిమాలు చూపించాడు. మొదటిది మంచు కురిసే ఏదో దేశంలోది. ఇస్త్రీ కొట్టు నడిపే ఒకావిడ భర్త రైలెక్కి పనికి వెళ్లి తిరిగి రాడు. ఆవిడ ఎవరితోనూ ఏమీ చెప్పదు. బట్టలు వస్తుంటాయి, ఇస్త్రీ అవుతుంటాయి, వెళ్తుంటాయి. చివర్లో మొగుడి చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి, చొక్కా కాల్చుకుని ఏడుస్తూ వచ్చిన ఎవరో మనిషికి ఇచ్చి పంపేస్తుంది. అంతే, అయిపోతుంది.

రెండోది ఉదయ్ తీసింది. గోదావరి ఒడ్డున ఒక పల్లె. వరద రోజుల్లో చేప కోసం భార్య పోరి పంపితే, పడవ వేసుకుని వెళ్లిన మనిషి తిరిగి రాడు. ఆ తరువాత గంటసేపు ఆ భార్య రేవులో కూర్చుని నీళ్లకేసి చూస్తుంది, ఇంట్లో కూర్చుని గోడకేసి చూస్తుంది, మళ్లీ రేవులో కూర్చుంటుంది. అక్కడొక చోట తొమ్మిది నిమిషాల పాటు కెమెరా కదలదు. ఆ తొమ్మిది నిమిషాలనే రెండు ఊళ్లలో సినిమా పండుగల్లో మెచ్చుకున్నారు. ఒక చోట చెక్కమీద ఇత్తడి అక్షరాలు పోసిన జ్ఞాపిక కూడా ఇచ్చారు. అది ఇప్పుడు టీవీ పక్కన, తండ్రి సత్తియ్య ఫోటో కింద ఉంది.

సినిమాలో ఆ పల్లె పేరు చెప్పలేదు. కానీ అది ఏ పల్లెయో, ఆ ఆడది ఎవరో ఈ పేటలో తెలియనివాళ్లు లేరు. సత్తియ్య మూడేళ్ల కిందట శ్రావణమాసంలో గోదావరిలో పోయాడు.

వచ్చే గురువారం రాజమండ్రి నుంచి సినిమా సంఘం వాళ్లు వస్తున్నారు. పేటలోని మత్స్యకారుల సంఘం హాలులో తెర కట్టి రెండు సినిమాలూ వేస్తారు. తరువాత చర్చ. పోగొట్టుకోవడాన్నీ, పశ్చాత్తాపాన్నీ రెండు సినిమాలు ఎలా చూపించాయో ఉదయ్ పోల్చి మాట్లాడతాడు. ఆ తరువాత వేదిక మీద తల్లి కూర్చోవాలి. రెండు ముక్కలు చెప్పాలి. ఆ ఏర్పాటు ఉదయ్‌దే. వాళ్లకి మాట కూడా ఇచ్చేశాడు.

నూకరత్నం వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. పొద్దుట్నుంచీ సినిమాలో తప్పులు పడుతూనే ఉంది.

“సరే, నాది ఎందుకు నచ్చలేదో చెప్పు,” అన్నాడు ఉదయ్, నేల మీద బాసింపట్టు వేసుకుని. “నిజంగానే అడుగుతున్నాను. నువ్వేమన్నా నేనేమీ అనుకోను.”

“ఎర్రనీరేది?”

“ఏంటి?”

“వరద అన్నావు. పులస అన్నావు. నీళ్లేమో తెల్లగా, అద్దంలా ఉన్నాయి. సంక్రాంతి ముందు తీశావు కదూ? ఎర్రనీరు రాకుండా పులస ఎక్కడిదిరా?”

“జనవరిలోనే మాకు కెమెరా దొరికింది.”

“ఆ పిల్లెవరో, నా వేషం కట్టింది, చేపని తోక పట్టుకుని ఎత్తింది. బట్టలబ్బాయి చొక్కా ఎత్తినట్టు. పులసని అలా ఎత్తినావిణ్ణి రేవులో నిలబడనిస్తారా?”

“ఆవిడ నాటకాలావిడ అమ్మా. హైదరాబాదు. చేప ముట్టుకోవడమే మొదటిసారి.”

“తెలుస్తోంది. ఇస్త్రీ ఆవిణ్ణి చూడు. నీళ్లు చిలకరించింది, వేలితో తట్టి చూసింది, కాలర్ ముందు చేసింది. ఆవిడ నిజంగా చేసిన మనిషి. చేతులు చూస్తే నమ్మాను నేను.”

“చేతులు కాదమ్మా ముఖ్యం.”

“ఇంకేంటి ముఖ్యం? తొమ్మిది నిమిషాలు కూర్చోబెట్టావు ఆ పిల్లని. పక్కన గంప. గంపలో చేప. నెత్తిమీద ఎండ. ఈగ కూడా తోలుకోలేదు.”

“ఆ చేప ఒక ప్రతీక.”

“ప్రతీకైతే కుళ్లదా?”

గంగాధర్ చేట పక్కన పెట్టి పెద్దగా నవ్వాడు. ఉదయ్ బావ వైపు చూసిన చూపుకి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

“నువ్వు నవ్వు బావా. నీకేం, నీకు ఫైటు లేకపోతే సినిమా కాదు.” ఉదయ్ గొంతు పెరిగింది. “ఇదిగో అమ్మా, నీకు అర్థమయ్యేట్టు చెప్తాను. ఇస్త్రీ ఆవిడ సినిమాలో పోగొట్టుకోవడం ఉంది, అంతే. మొగుడు పోయాడు, పనిలో పడింది. ఆవిడ తప్పేం లేదు అందులో. నా సినిమాలో ఆవిడ పోగొట్టుకుంది, పోగొట్టుకోవడానికి తనే కారణం. చేతిలో పని ఎలా సాగుతుంది? అందుకే కూర్చుంది. అందుకే ఊరికే చూస్తోంది. తేడా అదీ.”

“నేను కూర్చోలేదు.”

“నీ గురించి కాదు, సినిమాలో ఆవిడ గురించి…”

“నేను కూర్చోలేదురా,” అంది నూకరత్నం. “రెండు రోజులు గట్టు మీద నడిచాను. పడవలు నీళ్లలో, నేను గట్టుమీద. చెప్పు తెగిపోతే అక్కడే పారేసి నడిచాను. మూడో రోజు లంక దగ్గర ఆయన దొరికేదాకా నడిచాను. నువ్వు ఆ మూడో రోజు వచ్చావు. నీకు తెలీకపోతే బేబీని అడగాల్సింది.”

ఉదయ్ బాసింపట్టు మార్చి కూర్చున్నాడు. “నాకు తెలుసు. బేబీ చెప్పింది.”

“మరి?”

“నడిస్తే కెమెరా కూడా నడవాలి అమ్మా. మా దగ్గర అంత సరంజామా లేదు.”

ఎవరూ నవ్వలేదు. నూకరత్నం మామిడికాయ టెంక తీసి పక్కన పడేసింది.

మధ్యగోడకి అవతలి వాటాలో ఉండే రత్తమ్మ అప్పటికి తన పళ్లెం పట్టుకుని వచ్చి గడప మీద కూర్చుంది. సత్తియ్యకి అక్క ఆవిడ. భర్త పోయిన ఏడాదే తమ్ముడి పంచకి చేరింది. ఆ తమ్ముడు పోయిన పదకొండో రోజు నుంచీ నూకరత్నం చేతి వంట ముట్టలేదు. వేరే పొయ్యి పెట్టుకుంది. కానీ తినడానికి మాత్రం రోజూ ఈ గడప మీదికే వస్తుంది. తన అన్నం తను తింటూ, లోపల వీళ్లు తింటుంటే చూస్తూ కూర్చుంటుంది.

“నాకైతే మా ఉదయ్ సినిమాయే నచ్చింది,” అంది రత్తమ్మ. “ఉన్నది ఉన్నట్టు తీశాడు. ఆ ఇస్త్రీ దాని గోల నాకెందుకు? దాని మొగుడు ఎందుకు పోయాడో కూడా సెప్పలేదు. ఇందులో సక్కగా సెప్పారు. ఎవత్తి పంపిందో సూపించారు.”

“వదినా, అన్నం తిను,” అంది నూకరత్నం.

“తింటన్నాను. నా అన్నం నేను తింటన్నాను. సూడు ఉదయ్, ఆ పిల్ల ‘పంపింది నేనే’ అని అంటది సూడు, అక్కడ నాకు కళ్లంట నీళ్లొచ్చాయి. ఇంకోసారి ఏసి సూపించు. మీ అమ్మకి సరిగ్గా ఇనపడినట్టు లేదు.”

“అత్తా, నువ్వాగు,” అంది బేబీ.

“ఎందుకాగాలే? మీ అమ్మే కదా సెప్పింది, పెద్దల ముందు నిలబడి? నేనేమన్నా కల్పించానా?”

అది నిజమే. ఆ మాట చెప్పింది నూకరత్నమే.

ఆ పేటలో ఒక కట్టు ఉంది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే పేట పడవలన్నీ కట్టేయాలి. ఎంత పులస పైకెక్కుతున్నా, రాజమండ్రిలో ఎవరు ఎంతకి అడుగుతున్నా సరే, పడవ విప్పకూడదు. ఎవరైనా విప్పి ప్రాణం పోగొట్టుకుంటే, పెద్దకర్మ రోజున భోజనాల ముందు సంఘం పెద్ద ఆ ఇంటివాళ్లని అడుగుతాడు, ఎవరు పంపారని. ఇంట్లో ఒకరు లేచి జవాబు చెప్పాలి. తనంతట తనే వెళ్లాడని అంటే ఎవరూ ఒప్పుకోరు. వరదలోకి ఉత్తినే ఎవడూ వెళ్లడని వాళ్ల నమ్మకం. జవాబు చెప్పిన ఇల్లు ఏడాది పాటు రేవులో చేపల వేలానికి దూరంగా ఉండాలి.

సత్తియ్య పెద్దకర్మ రోజున సంఘం పెద్ద తాతాజీ గారు లేచి అడిగారు. ఉదయ్ గుండు చేయించుకుని, తడిపంచెతో తల్లి పక్కనే కూర్చుని ఉన్నాడు. అప్పుడు వాడికి ఇరవై అయిదేళ్లు. నూకరత్నం లేచి, “నేనే పంపానండి,” అంది. “పులస కావాలని నేనే పోరాను.”

ఆ ఏడాదంతా ఆవిడ తెల్లారకముందే బస్సెక్కి కొవ్వూరు వెళ్లి, ఎవరెవరి దగ్గరో చేప కొని ఇళ్లమ్మట తిరిగి అమ్ముకుంది. ‘మొగుణ్ణి పంపినావిడ’ అని వెనకాల అనడం ఆవిడ చాలాసార్లు విన్నది. తిరిగి చూడలేదు.

జరిగింది వేరు.

సత్తియ్య పోయే ముందురోజు సాయంత్రం నూకరత్నం పెరట్లో చేపలు శుభ్రం చేస్తుంటే ఉదయ్ హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. చేతుల నిండా పొలుసు. బేబీ ఫోను తెచ్చి, స్పీకర్ నొక్కి, తల్లి మొహం దగ్గర పట్టుకుంది. ఎప్పుడూ అంతే, ఆ ఇంట్లో ఫోను మాట్లాడితే నలుగురికీ వినిపిస్తుంది. ఆ సాయంత్రం రత్తమ్మ మాత్రం ఇంట్లో లేదు. “అమ్మా, మా డైరెక్టర్ గారు ఎల్లుండి రాజమండ్రి వస్తున్నారు. ఒక్క పులస సంపాదించగలవా? మా ఇంట్లో దొరుకుతుందని మాటిచ్చేశాను,” అన్నాడు ఉదయ్. పడవలు కట్టేశారని నూకరత్నం చెప్పింది. “అయితే వదిలెయ్‌లే,” అని పెట్టేశాడు. వాడు నిజంగానే వదిలేశాడు. ఆ ఫోను సంగతి మళ్లీ వాడికి గుర్తు కూడా లేదు.

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న సత్తియ్య తల ఎత్తలేదు. చదువు మానేసి సినిమాల్లోకి వెళ్లాడని ఏడాదిన్నరగా కొడుకుతో ఆయనకి మాటల్లేవు. వల పని అయ్యాక మాత్రం, “ఎల్లుండంటే బుధవారమేనా?” అని అడిగాడు.

తెల్లవారుజామున తెడ్డు తీస్తున్న చప్పుడుకి నూకరత్నం లేచింది. వద్దంది. “వాడు మాటిచ్చేశాడంట కదే,” అన్నాడు సత్తియ్య. మళ్లీ వద్దంది. ఆయన తలపాగా చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఇది తెలిసినవాళ్లు ఇద్దరే. నూకరత్నం, బేబీ. బేబీ చేత తల్లి ఒట్టు వేయించుకుంది. ఆ బేబీ ఇప్పుడు అన్న ముందుకి వచ్చి నిలబడింది. గంగాధర్‌కి కూడా చెప్పకుండా మూడేళ్లు దాచిన మాట దాని నోటి చివర ఉంది.

“అమ్మ ఎందుకు రావాలి అక్కడికి?” అంది. “నువ్వు మెచ్చుకోళ్లు తీసుకుంటుంటే పక్కన కూర్చుని తలాడించాలా?”

“నీకు తెలీదు, నువ్వు ఊరుకో బేబీ.”

“నాకు తెలీదా? నాకు తెలిసినంత నీకు తెలుసా? ఆ రోజు సాయంత్రం ఫోను…”

“బేబీ!” అంది నూకరత్నం. “పొయ్యి మీద ఎసరు చూడు. పొంగుతోంది.”

ఎసరు పొంగడం లేదు. బేబీ వెళ్లి మూత తీసి, మూత పెట్టి, వీళ్ల వైపు తిరగకుండా అక్కడే నిలబడింది.

“ఏ ఫోను?” అన్నాడు గంగాధర్.

“ఏదో ఫోను బాబూ. రోజూ వంద వస్తాయి,” అంది నూకరత్నం. మామిడి ముక్కలు గిన్నెలోకి తీసి, మసి అయిన బాణలి పట్టుకుని పెరట్లోకి వెళ్లింది.

ఉదయ్ వెనకాలే వచ్చాడు. కుళాయి తిప్పి ఆవిడ బాణలి తోముతుంటే, అరటిచెట్టు దగ్గర నిలబడి కాసేపు చూశాడు.

“నీకు భయం,” అన్నాడు.

నూకరత్నం బాణలి తిరగేసింది.

“ఎర్రనీరు లేదు, చేప తోక పట్టుకుంది, అవన్నీ సాకులు. నువ్వు ఆ సినిమా చూడలేవు, ఎందుకంటే అందులో ఉన్నది నిజం. ఇస్త్రీ ఆవిడ సినిమా అయితే నీకు సుఖంగా ఉంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు. నువ్వు కూడా అలాగే ఉండాలనుకుంటున్నావు. పన్లో పడిపోతే తప్పు కనిపించదని.”

“అయిందా?”

“కాలేదు. మూడేళ్లలో నువ్వు ఒక్కసారైనా నా ముందు ఏడ్చావా? తప్పు చేశాను అని ఒక్కసారి అన్నావా? పెద్దల ముందు చెప్పావు, రూలు కాబట్టి. నాకు చెప్పావా? నాన్న లేకుండా చేశానురా అని నాతో ఒక్క మాట అన్నావా? అది అంటావేమోనని చూసి చూసి, ఆఖరికి నేనే సినిమాలో ఒక నాటకాలావిడ చేత అనిపించుకున్నాను.”

నూకరత్నం చెయ్యి ఆగింది. వీడు మూడేళ్లుగా తనని అలా చూస్తున్నాడని ఆవిడకి తెలియదు. పండక్కి వచ్చినప్పుడు, ముందుగదిలో పడుకుని తను తిరుగుతుంటే చూస్తున్నప్పుడు, తన చేతి అన్నం తింటున్నప్పుడు కూడా, వీడు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడన్నమాట. రత్తమ్మ వేరే పొయ్యి పెట్టుకుంది కాబట్టి ఆవిడ సంగతి తెలిసింది. వీడిది తెలియలేదు.

ఒక్క మాట చెప్తే ఇప్పుడే అయిపోతుంది. ఆ ఒక్క మాట చెప్పకుండా ఉండడానికే కదా ఏడాదిపాటు కొవ్వూరు బస్సెక్కింది. ఇది తెలిస్తే వీడు బతకడనుకుంది. వీడు అసలే మెత్తని వాడు. చిన్నప్పుడు వలలో పడ్డ నీటికాకిని తండ్రి విదిలిస్తే చచ్చిపోయిందని రెండు రోజులు అన్నం తినలేదు.

ఆవిడ కుళాయి కట్టేసింది.

“ఒరే, ఒకటి అడుగుతాను చెప్పు. పంపింది నేను కాదనుకో. అప్పుడు నీ సినిమా ఏమవుతుంది?”

“అదేంటి, నువ్వు కాకపోతే ఎవరు?”

“ఊరికే అడుగుతున్నానురా. అనుకో.”

“నువ్వు కాకపోతే సినిమానే లేదు.”

“పోనీ, నువ్వనుకో. నీ కోసమే వెళ్లాడనుకో మీ నాన్న.”

ఉదయ్ నవ్వబోయి ఆగాడు. ఆవిడ వాడి మొహమే చూస్తోంది. ఆ మొహంలో భయం కోసం చూసింది. భయం రాలేదు. వాడి కళ్లు కొంచెం చిన్నవయ్యాయి. కెమెరా ఎక్కడ పెట్టాలా అని చూసేటప్పుడు వాడు అలాగే చూస్తాడు.

“అబ్బ,” అన్నాడు. “అలా అయితే ఇంకా మంచి సినిమా అయ్యేదమ్మా. కొడుకే పంపాడు, ఆ కొడుకే సినిమా తీస్తున్నాడు. తల్లికి తెలుసు, చెప్పదు. నాకెందుకు తట్టలేదో! ఆ ఇస్త్రీ సినిమా దీని ముందు నిలబడేది కాదు.”

జేబులోంచి ఫోను తీసి బొటనవేళ్లతో గబగబా ఏదో రాసుకున్నాడు. రాసుకుని, “నువ్వు కథలు బాగా చెప్తావు. గురువారం ఇలాగే మాట్లాడు, చాలు,” అన్నాడు.

“రాసుకున్నావా?”

“మర్చిపోతానని.”

“మర్చిపోతావులే,” అంది నూకరత్నం.

వాడు లోపలికి వెళ్లాక ఆవిడ బాణలి ఇంకోసారి కడిగింది. ఒంట్లో వేడిగా ఉంది. కొడుకు మీద అంత కోపం ఆవిడకి ఎన్నడూ రాలేదు. వాడు పదో క్లాసు తప్పినప్పుడు గానీ, చెప్పకుండా హైదరాబాదు వెళ్లిపోయినప్పుడు గానీ రాలేదు. వీడి కోసమా ఇన్నాళ్లూ దాచింది? ఈ మాట వింటే వీడు బతకడనా? తీసుకెళ్లి తెర మీద వేసుకుంటాడు. ఇంకో జ్ఞాపిక తెచ్చుకుని మళ్లీ ఆయన ఫోటో కిందే పెడతాడు.

అయినా చెప్పాలనిపించలేదు. ‘నీ కోసమే వెళ్లాడు’ అన్న మాట వాడి చేతికి ఇవ్వాలనిపించలేదు. అది సత్తియ్యది. ఏడాదిన్నర మాట్లాడని కొడుకు కోసం, ఎవరికీ చెప్పకుండా ఆయన చేసిన పని అది. దాన్ని తెర కట్టి చూపించడానికి వీల్లేదు. కానీ దాన్ని దాచడానికి తన పేరు అడ్డం పెట్టుకుని మాత్రం ఎన్నాళ్లు ఉండాలి?

మామిడికాయ, మెత్తళ్లు కలిపి ఇగురు పెట్టడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో ముందుగదిలో ఉదయ్ ఎవరికో ఫోనులో చెప్తున్నాడు, “అమ్మ వస్తుందండి. ఆ, వేదిక మీదే. ఆవిడ మాట్లాడితే రెండు సినిమాల మధ్య తేడా వాళ్లకే తెలుస్తుంది. నిజమైన పశ్చాత్తాపం అంటే ఏంటో…” రత్తమ్మ గడప మీద నుంచి, “నా పేరు కూడా సెప్పు, నేనూ మాటాడతాను,” అంటోంది.

నలుగురూ పీటలేసుకుని కూర్చున్నారు. బేబీ ఎవరి వైపూ చూడకుండా కంచాలు పెట్టింది. నూకరత్నం అల్లుడికి వడ్డించింది, కూతురికి వడ్డించింది, ఉదయ్ కంచంలో అన్నం పెట్టి ఇగురు వేసింది. తన కంచం ముందు పెట్టుకుని కూర్చుంది కానీ కలపలేదు.

“కుర్చీ వేయించమన్నాను నీకు,” అన్నాడు ఉదయ్, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. “తాతాజీ గారి పక్కన. ఆ రోజు నిన్ను అడిగింది ఆయనే కాబట్టి, మళ్లీ ఆయన చేతే అడిగిద్దామని. అందరి ముందూ. చాలా బాగుంటుంది.”

బేబీ చేతిలోని గరిటె గిన్నెలో పడింది.

“తెగించేశావురా నువ్వు,” అంది.

“ఏమైందిప్పుడు? జరిగిందే కదా?”

“జరిగిందే మరి,” అంది రత్తమ్మ, తన పళ్లెంలోంచి తల ఎత్తి. “అడగనీ. ఈసారి గట్టిగా సెప్పమను. ఎనకాల వరసలో వాళ్లకి కూడా ఇనపడాల.”

“చెప్తాను వదినా,” అంది నూకరత్నం.

ఆవిడ గొంతు పెంచలేదు. గంగాధర్ తినడం ఆపి అత్తగారి వైపు చూశాడు.

“గురువారం నేను వస్తాను,” అంది నూకరత్నం. “వేదిక మీద కూర్చోను. కింద, మనవాళ్లలో కూర్చుంటాను. ఉదయ్, నీ సినిమా నువ్వు వేసుకో. ఒక్క ముక్క కూడా మార్చక్కర్లేదు, అది నీది. అయిపోయాక తాతాజీ గారు అడిగితే లేచి చెప్తాను. ఆయన్ని నేను పంపలేదని చెప్తాను. ఆ రోజు పెద్దల ముందు అబద్ధం చెప్పాను, దానికి తప్పు వేసి జరిమానా కట్టమంటే కడతానంటాను.”

ఉదయ్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

“అమ్మా, పెరట్లో అన్నావే… అది ఊరికే అడిగావు కదూ?”

నూకరత్నం వాడి కంచంలో ఇంకాస్త అన్నం పెట్టింది.

“అబద్ధం సెప్పావా?” అంది రత్తమ్మ. పళ్లెం కింద పెట్టేసింది. “మూడేళ్ల తరవాత అబద్ధమంటావా? నువ్వు పంపకపోతే మా తమ్ముణ్ణి ఎవరు పంపారే?”

“అది అడిగితే చెప్పను. తాతాజీ గారు అడిగినా చెప్పను, నా కొడుకు అడిగినా చెప్పను. బేబీ కూడా చెప్పదు.” నూకరత్నం అన్నంలో ఇగురు వేసుకుని కలిపింది. “నేను వద్దన్నాను. రెండుసార్లు వద్దన్నాను. ఇకనుంచి ఎవరడిగినా ఆ మాటే చెప్తాను.”